పడవలు చూసే కిటికీలు

అది 2006 వేసవి. కాశీబుగ్గ మెయిన్ రోడ్డులో నా రంగుల దుకాణం అప్పటికి బాగానే నిలదొక్కుకుంది. దుకాణం పెట్టకముందు బ్రష్షు పట్టుకుని నిచ్చెనలెక్కినవాణ్ణే కాబట్టి, డబ్బా అమ్మి చేతులు దులుపుకోవడం నాకు చేతకాదు. ఎక్కడ వేస్తారు, దేని మీద వేస్తారు, కింద పాత రంగు ఏముంది అని నాలుగు ప్రశ్నలు అడిగాకే డబ్బా కిందికి దించేవాణ్ణి. "ఈయన దగ్గర రంగు కొనడం కన్నా పిల్లనడగడం తేలిక" అని జీడిపప్పు బట్టీల వాళ్ళు ఎగతాళి చేసేవారు. చేసుకోనీండి. కడగని గోడ మీద రంగు పులిమేవాణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ప్లాస్టిక్ కిటికీలు మా వైపు దిగింది ఆ రోజుల్లోనే. గట్టి ప్లాస్టిక్‌తో చేసిన చట్రం, దానికి అదే ప్లాస్టిక్ రెక్కలు, లోపలంతా బోలు. ఉద్దానం తీరంలో ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు, చెదలు కర్రను బతకనివ్వవు. అందుకని "చెద పట్టదు, తుప్పు పట్టదు, రంగు అక్కర్లేదు" అని అమ్మేవారు. ఆ మూడో మాట విన్నప్పుడల్లా ఎవడో నా కంచంలో మన్ను పోసినట్టుండేది.

ఒక ఉదయం ఎర్రమ్మ అనే ఆవిడ దుకాణానికి వచ్చింది. సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి ఎండు చేపలు తెచ్చి పలాస స్టేషన్ దగ్గర అమ్మే మనిషి. చేపల గంప అరుగు మీద పెట్టి, కొంగుముడి విప్పి, పొడుగాటి ఎర్రటి తోలులాంటిది తీసి నా బల్ల మీద పరిచింది. పాము విడిచిన కుబుసంలా ఉంది.

"బావూ, ఇదేటో సూడు."

"రంగే కదా అప్పా."

"రంగే. నిన్నటిదాకా కిటికీకుండేది. ఇయాల నా సేతికొచ్చీసింది."

చేతిలోకి తీసుకుని చూశాను. పడవలకు వేసే ఎనామిల్ రంగు. వెనకవైపు అద్దంలా నున్నగా ఉంది, ఎక్కడా పట్టు దొరికిన గుర్తు లేదు. ప్లాస్టిక్ మీద నేరుగా పూసేశారని తెలిసిపోయింది.

"ప్లాస్టిక్ కిటికీకి రంగెందుకు అప్పా? రంగెయ్యక్కర్లేదనే కదా నువ్వది కొన్నావు!" అన్నాను. దుకాణంలో ఉన్న నలుగురూ నవ్వారు. ఎర్రమ్మ నవ్వలేదు.

"నువ్వు నవ్వుతావు బావూ. నా పెనిమిటీ, ఇద్దరు కొడుకులూ ఒకే పడవెక్కుతారు. ఆ కిటికీ కనబడకపోతే ఆల్లు ఏ దారంట ఒడ్డెక్కాల?"

ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థం కాని మాట వింటే నాకు చిరాకు. అదేమిటో చెప్పమని కూర్చోబెట్టాను.

వాళ్ళ ఊరి ముందు సముద్రంలో, కెరటాలు విరిగే చోట, ఇసుక మేట ఒకటి ఉందట. నీళ్ళ కింద ఉంటుంది కాబట్టి పైకి కనపడదు. దాని నడుమ సన్నటి దారి ఒకటే ఉంది. ఆ దారి తప్పి మేట మీదకు వస్తే కెరటం పడవను పక్కకు తిప్పి బోర్లించేస్తుంది. దారి ఎక్కడుందో చెప్పేది ఎర్రమ్మ వాళ్ళ ఇల్లు. ఇసుక దిబ్బ మీద ఉన్న ఆ ఇంటికి సముద్రం వైపు రెండు కిటికీలు, ఇంటి వెనక ఎత్తయిన ఒంటి తాడిచెట్టు. పాత పెంకుటిల్లు ఉన్నన్నాళ్ళూ ఆ కర్ర కిటికీలు ఎర్రగా ఉండేవి. ఇల్లు పడగొట్టి స్లాబు వేసి, తెల్ల గోడకు తెల్లటి ప్లాస్టిక్ కిటికీలు పెట్టారు. ఇంకేముంది, సముద్రం మీంచి చూస్తే ఇల్లంతా ఒక సున్నపు ముద్ద.

"మొన్న వేట సివర్న మా మరిది పడవ మేటెక్కీసింది. మనిసి దక్కినాడు గానీ బుజం ఇరిగిపోనాది. నీ కిటికీలే ఇరగ్గొట్టినాయి వొదినా అన్నాడు. నానేటనాల?"

చేపలు గుడ్లు పెట్టే రోజులని వేసవిలో సర్కారు పెట్టే వేట నిషేధం ముగిసి, పడవలు మళ్ళీ వేటకు దిగేలోగా ఆ రంగు నిలబడాలి. ఆమె వచ్చిన పని అదీ.

నేను అంత తేలిగ్గా ఊరుకునే రకం కాదు. జెండా కట్టుకోవచ్చు కదా అన్నాను. గాలి జెండాని చుట్టేస్తుందని, ఒక్క వానకే చిరిగిపోతుందని చెప్పింది. కిటికీ చుట్టూ గోడకే వెయ్యమన్నాను. వేశారట, కొత్త గోడ ఉప్పు కక్కి రంగును పొలుసులుగా రాల్చేసిందట. తెలివైన సలహాలన్నీ ఆమె ముందే చేసి చూసి నా దగ్గరికి వచ్చింది.

అప్పుడు నాకు తెలిసిన సంగతి చెప్పాను. ప్లాస్టిక్ నీళ్ళు తాగదు, నూనె తాగదు, రంగూ తాగదు. దాని మీద పట్టు పుట్టించాలంటే ప్లాస్టిక్ ప్రైమర్ అని వేరే ఉంటుంది. కార్ల బంపర్లకు వాడతారు. పలాసలో దొరకదు, విశాఖపట్నం నుంచి తెప్పించాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ముదురు ఎరుపు ఎండను పీలుస్తుంది. తూర్పు ఎండ తగిలే బోలు ప్లాస్టిక్ వేడెక్కి సాగి వంకరపోతుంది. వంకరపోయిన రెక్క మూసుకోదు. "లేత రంగు ఏదైనా వేయించుకుంటానంటే వస్తాను" అన్నాను.

"ఆ మాట మా ఆయన్తో సెప్పు. నా మాటంటే ఆడికి ఎగతాళి" అని గంప నెత్తికెత్తుకుంది.

రెండు మూడు రోజులాగి ఆటోలో బయలుదేరాను. జీడితోటలు, కొబ్బరితోటలు దాటాక దారి ఇసుకలోకి దిగింది. మొగలి పొదల దగ్గర ఆటో వదిలేసి నడిచాను. ఎర్రమ్మ భర్త దానయ్య వసారాలో వల బాగుచేసుకుంటున్నాడు. పడవ నడిపించే తండేలు ఆయన. పడవలో ఆయన మాటకు ఎదురుండదట. ఇంట్లో మాత్రం వేరే కథ.

"ఆడదాని మాటిని ప్లాస్టిక్ ఎట్టినాను సావుకారూ" అన్నాడు నన్ను చూస్తూనే.

లోపలి నుంచి ఎర్రమ్మ అందుకుంది. "కర్ర కిటికీ ఉబ్బి మూసుకోకపోతే ఏటేటా ఇంట్లో వాన నీల్లు ఎత్తిపోసింది నువ్వేటి?"

దానయ్య నావైపు చూసి కన్ను గీటాడు. "సూసినావా? సంద్రమే నయం."

రంగు మాట ఎత్తాను. లేత ఆకుపచ్చ, లేత నీలం, ఏదైనా చెప్పమన్నాను. ఆయన వల పక్కన పెట్టి నిదానంగా చెప్పాడు. ఆ ఊళ్ళో సముద్రం వైపు గోడ ఇంటివాడి ఇష్టం కాదు. పడవలకు రంగులు వేసే రోజున, మిగిలిన రంగు తెచ్చి ముందుగా ఆ కిటికీలకు వేస్తారు. ఆయన తాత కాలం నుంచీ అంతే. "ఊరోల్లంతా దాన్ని సూసే వత్తారు. లేత రంగేత్తే కనబడదు సావుకారూ."

"ముదురేస్తే వంకరపోతుంది బావా."

"కనబడదంటన్నాను గదా."

"వంకరపోతుందని నేనూ అంటున్నాను కదా."

ఇద్దరం మొండివాళ్ళమే. చివరికి ఆయన లేచి పంచె ఎగ్గట్టాడు. "అయితే ఓ పని సెయ్యి. పడవలు తిరిగొచ్చే యేలకి సంద్రం మీదకి రా. ఆడనుంచి సూసి, నువ్వే సెప్పు ఏ రంగో."

సముద్రానికి అంత దగ్గర్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఏనాడూ మోకాలి లోతు దాటి దిగినవాణ్ణి కాదు. వద్దనడానికి పరువు అడ్డొచ్చింది. ఎర్రమ్మ తన చీరలు మూడు తెచ్చింది. పసుపుది ఒక కిటికీకి, ముదురెరుపుది రెండో కిటికీకి వేలాడదీసింది. ఆంజనేయస్వామి సింధూరం రంగులో ఉన్నదాన్ని రెండింటి మధ్య పిట్టగోడ మీంచి వదిలింది. "పెల్లికి కూడా ఇన్ని సీరలు ఒక్కసారి బయటికి తియ్యనేదు" అంది.

నిషేధం రోజులు కాబట్టి ఇంజను లేకుండా, వల లేకుండా, చిన్న తెప్ప మీద తెడ్లతో వెళ్ళాం. దానయ్య, ఆయన పెద్ద కొడుకు తెడ్లేశారు. కెరటాలు దాటేటప్పుడు నా ప్రాణం నా దగ్గర లేదు. దాటాక పొద్దున తిన్నదంతా సముద్రానికి సమర్పించుకున్నాను. తండ్రీ కొడుకూ మర్యాదస్తులు, నవ్వు ఆపుకున్నారు.

కాస్త తేరుకుని తల తిప్పి ఒడ్డు వైపు చూశాను. ఊరు లేదు. ఇళ్ళు లేవు. ఎటు చూసినా ఒకటే ఆకుపచ్చ గీత, దాని కింద ఒకటే ఇసుక గీత, దూరంగా పొగలా మహేంద్రగిరి. ఆ గీతలో ఏది ఏ ఊరో, ఇందాక నేను ఎక్కడ నిలబడ్డానో చెప్పమంటే నా తరం కాదు. భూమి అంత చిన్నదిగా, అంత పరాయిదిగా ఉంటుందని నాకు తెలియదు. పొద్దు ఒడ్డు వెనక్కి వాలుతోంది, కొబ్బరితోటల నీడలో ఒడ్డంతా మసకబారింది.

"ఏది కనబడతన్నాది?" అన్నాడు దానయ్య.

కళ్ళు చికిలించి వెతికాను. పసుపు చీర ఇసుకలో కలిసిపోయింది. ముదురెరుపు నల్లటి మచ్చలా ఉంది, నీడో కిటికీయో తెలియడం లేదు. సింధూరం మాత్రం నిప్పుకణికలా నిలిచింది. అదొక్కటే ఇల్లు అక్కడుందని చెబుతోంది.

"అదీ" అన్నాను చెయ్యి చాపి.

"నాకూ అదే" అన్నాడు ఆయన. ఎరుపు కన్నా అది కాస్త లేత. ఎండను అంతగా పీల్చదు. ఇద్దరి పంతమూ ఒక చీర దగ్గర తీరిపోయింది.

"ఇప్పుడు తాడి ఏడున్నాదో సూడు" అన్నాడు.

చూశాను. ఇంటి వెనక ఉన్న తాడిచెట్టు పసుపు చీర వేలాడే కిటికీకి సరిగ్గా పైన ఉంది. "అలగుంటే మన కింద మేటే" అని దానయ్య తెడ్డు వేశాడు. తెప్ప మెల్లగా జరిగింది. అప్పుడు నేను నా కళ్ళతో చూసింది ఇప్పటికీ మరిచిపోలేను. తాడిచెట్టు నడిచింది. ఇంటి కప్పు మీద అడుగులో అడుగు వేసుకుంటూ ఒక కిటికీ మీంచి రెండో కిటికీ వైపు నడుచుకుంటూ వచ్చింది. రెండింటి నడిమధ్య, సింధూరం చీర మీదకు రాగానే దానయ్య తెడ్డు ఆపాడు.

"ఇదీ దారి."

నీళ్ళ మీద గీత లేదు, గుర్తు లేదు, ఎటు చూసినా ఒకేలాంటి నీళ్ళు. కానీ దారి ఉంది. రెండు కిటికీలు, ఒక చెట్టు కలిసి నీళ్ళ మీద దారి వేస్తున్నాయి. వాళ్ళ తాతలెవరో అలా నిలబడి చూసి, ఆ చెట్టును నరకకూడదని, ఆ కిటికీ రంగు మాయకూడదని అనుకుని ఉంటారు. నేను ఎన్నో వందల కిటికీలకు రంగులు వేశాను. కిటికీ అంటే లోపలి మనిషి బయటికి చూసేదనే అనుకున్నాను. ఒడ్డుకు వచ్చేదాకా ఆ చీరనూ చెట్టునూ మార్చి మార్చి చూస్తూనే ఉన్నాను.

విశాఖపట్నం నుంచి ప్రైమర్ వచ్చాక పని మొదలుపెట్టాను. పనివాళ్ళను పంపలేదు, నేనే వెళ్ళాను. పాత రంగు గోటితో లాగితేనే ఊడి వచ్చింది. తర్వాత కడగడం. సబ్బు నీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో పదే పదే. ఉప్పు పోయిందో లేదో తెలుసుకోవడానికి నాదొక మోటు పద్ధతి. తుడిచిన చోట వేలు రాసి నాలుక మీద పెట్టుకుంటాను. నేను కిటికీ నాకుతున్నానని ఊరంతా పాకింది. చూడ్డానికి జనం వచ్చారు.

"ఉప్పు సరిపోనాదా బావూ?" అంది ఎర్రమ్మ.

"ఇంకా ఎక్కువుంది, మళ్ళీ కడుగు" అన్నాను.

ఉప్పు పోయాక స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో జిడ్డు తుడిచాను. థిన్నర్ వాడితే ప్లాస్టిక్ మెత్తబడి పాడైపోతుంది, ఆ ఛాయలకే పోకూడదు. ఆ తర్వాత సన్న వాటర్ పేపర్‌తో, అంటే నీళ్ళలో తడిపి రుద్దే గరుకు కాగితంతో, నున్నదనం చచ్చేలా రుద్దాను. మెరుపు పోయి చాక్‌పీసు తెలుపు రావాలి. రంగుకు కాలు నిలదొక్కుకునే చోటు అదే. దాని మీద ప్రైమర్, పల్చగా. చిక్కగా వేస్తే తొందరగా అయిపోతుంది, తొందరగానే ఊడిపోతుంది.

అక్కడ ఇంకో పాఠం కూడా నేర్చుకున్నాను. పొద్దున నేల మీంచి సముద్రం మీదకు వీచే గాలి శుభ్రంగా ఉంటుంది. పొద్దెక్కాక సముద్రం గాలి మళ్ళుతుంది, దానితో ఉప్పూ ఇసుకా వస్తాయి. తడి రంగు మీద అవి పడితే కుక్క ముట్టిన కూడే. అందుకని తెల్లవారు చెమ్మ ఆరాక మొదలుపెట్టి గాలి మళ్ళేలోగా ముగించేవాణ్ణి. గాలి మళ్ళే క్షణం దానయ్య ముందే చెప్పేవాడు. ముక్కు ఎగబీల్చి "ఆపీ సావుకారూ, వచ్చేత్తన్నాది" అనేవాడు. చట్రాలకూ, రెక్కల బయటివైపుకూ సింధూరం రంగు అలా రోజుకొక పూతగా పడింది. రెక్కల లోపలివైపు తెల్లగానే వదిలేశాను.

పూర్తిగా ఆరాక, చివరి పరీక్ష. కనపడని మూలలో బ్లేడుతో గళ్ళుగా గీతలు గీసి, దాని మీద టేపు గట్టిగా అతికించి ఒక్కసారిగా లాగాను. పక్కన ఎర్రమ్మ ముందుకు వంగింది. టేపు ఎలా వెళ్ళిందో అలాగే వచ్చింది, ఒక్క రేణువూ రాలేదు. ఆమె ఆ టేపు నా చేతిలోంచి లాక్కుని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నా చేతిలో పెట్టి, రెండు చేతులతో నా చుబుకం పుణికి, ఆ వేళ్ళను తన పెదాలకు ఆనించుకుని ముద్దు పెట్టుకుంది.

నిషేధం ఎత్తేశారు. వానలు మొదలయ్యాక, వేసిన రంగు ఎలా ఉందో చూద్దామని ఒక రోజు మళ్ళీ వెళ్ళాను. పొద్దున బాగానే ఉంది కానీ నేను ఊరు చేరేసరికి మబ్బు పట్టి, గాలి జోరందుకుంది. ఇల్లు చేరి చూస్తే కిటికీలు రెండూ బిగించి ఉన్నాయి. లోపల చీకటి, ఉక్క. కరెంటు లేదు. పొయ్యి దగ్గర ఎర్రమ్మ చెమటలో తడిసిపోయి ఉంది.

కొత్త రంగు వేసిన రెక్కలు ఒక్కోసారి చట్రానికి అంటుకుపోతాయి. రంగువాడికి అంతకన్నా తలవంపు లేదు. "అంటుకుపోయాయా అప్పా?" అంటూ గబగబా వెళ్ళి రెక్కను తోయబోయాను.

"ముట్టకు బావూ!" అని అరిచింది. పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అంటుకోనేదు. పడవలు సంద్రంలో ఉన్నాయి."

రెక్క బయటికి తెరిస్తే రంగున్న వైపు గోడకు ఆనుకుంటుంది. సముద్రం మీంచి చూసేవాడికి రంగు పోయి, చీకటి రంధ్రం మిగులుతుంది. అందుకని ఊరి పడవల్లో ఒక్కటి బయట ఉన్నా ఆ ఇంట్లో సముద్రం వైపు కిటికీలు తెరవరు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"నాను కోడలిగా వచ్చినకాణ్ణుంచీ. అంతకుముందు మా అత్త. ఆవిడత్త కూడా అంతే."

ఊరంతా సముద్రపు గాలికి వీధి అరుగుల మీద కూర్చునే వేసవి మధ్యాహ్నాల్లో, ఆ గాలికి అందరికన్నా ఎదురుగా ఉన్న ఈ ఇంట్లో ఆడవాళ్ళు ఉక్కలో వంట చేసుకుంటూ వచ్చారు. ఎవరూ వాళ్ళకు దణ్ణం పెట్టలేదు, వాళ్ళూ ఎవరితోనూ చెప్పుకోలేదు. నాతో కూడా, నేను రెక్క మీద చెయ్యి వేశాను కాబట్టి చెప్పింది. ఆ చీకట్లో ఆమె ముందు నేను చిన్నవాణ్ణయిపోయాను.

వాన మొదలైంది. ఇద్దరం బయటికి వచ్చి దిబ్బ మీద నిలబడ్డాం. ఒడ్డున ఆడవాళ్ళంతా గుమిగూడారు. వాన తెరలో సముద్రం కనపడడం లేదు, కెరటాల హోరు మాత్రమే వినిపిస్తోంది. కాసేపటికి తెర లోంచి ఒక పడవ ముక్కు వచ్చింది. అటూ ఇటూ ఊగిసలాడి, ఒక్కసారిగా మా వైపు తిరిగి నిటారుగా నిలిచింది. మా వైపు కాదు, మా వెనకున్న కిటికీల వైపు. కెరటం ఎత్తిన చోట ఎక్కి, దించిన చోట దిగి ఇసుకను తాకింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. అందరూ అదే సన్నటి దారిలో, చెరువు గట్టు మీద నడిచే గొర్రెల్లా ఒకరి వెనక ఒకరు వచ్చారు. దానయ్య పడవ లేదు. "తండేలు గదా, అందర్నీ తోలి ఎనక వత్తాడు" అంది ఎర్రమ్మ. గొంతు మామూలుగానే ఉంది, నా మణికట్టు మీద ఆమె వేళ్ళు మాత్రం బిగుసుకుపోయి ఉన్నాయి.

అందరికన్నా చివర వచ్చింది ఆ పడవ. మేట మీద కెరటం పక్కనే విరిగి పడింది, పడవ మాత్రం దారి తప్పలేదు. ముందు కూర్చున్న కొడుకు చెయ్యెత్తాడు. ఒడ్డునున్న వాళ్ళంతా పడవ పట్టడానికి పరుగెత్తారు. ఎర్రమ్మ పరుగెత్తలేదు. ఇంట్లోకి వెళ్ళి, కిటికీ గడియ తీసి, రెండు రెక్కలూ గోడకేసి కొట్టింది. తర్వాత రెండో కిటికీ. గాలి ఇల్లంతా ఒక్క ఊపున నిండి, వంటింట్లో పళ్ళేలు గలగలలాడాయి. తడి మొహం ఆ గాలికి పెట్టి ఆమె కళ్ళు మూసుకుంది.

"అందరూ వచ్చీసినారు బావూ" అంది. "ఇప్పుడు మా ఇల్లు మాది."

ఆ తర్వాత ఎన్నో ఇళ్ళకు రంగులు చెప్పాను. దేని మీద వేస్తారు, కింద ఏముంది అని అడగడం నేను మానలేదు. కానీ ఇప్పుడు వాటన్నిటికన్నా ముందు ఇంకో ప్రశ్న అడుగుతున్నాను. దీన్ని ఎవరు చూస్తారు, ఎక్కడి నుంచి చూస్తారు అని. "మా ఇంటి రంగు మేమే చూసుకుంటాం, ఇంకెవరు చూస్తారు?" అని చాలామంది నవ్వుతారు. నవ్వనీ. తెప్ప మీద కూర్చుని, ఆ ఒక్క రంగు కోసం ఒడ్డంతా వెతికినవాణ్ణి నేను. అడగకుండా డబ్బా మూత తియ్యడం ఇక నా వల్ల కాదు.